నిబ్బరం పేరిట జరిగే వైద్యం

నెల్లూరు తీరంలో నడివయసు మగవాడు మనసు బాగాలేదని నోరు విప్పితే వినబడే జవాబు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒకటే. విడవలూరులోనైనా, ముత్తుకూరులోనైనా, అల్లూరు అవతల ఇసకపల్లిలోనైనా మాట మారదు. "నీకేం తక్కువన్నా? మగోడివి, నిబ్బరంగుండు. ఆ మాత్రల జోలికి మాత్రం పోబాక. ఒకసారి మొదలుపెట్టావంటే బతికినంతకాలం మింగాల్సిందే." చెప్పేవాళ్లు పరాయివాళ్లు కారు. బావమరిది, చిన్నాయన, పక్క గుంట రైతు, కలిసి బడికెళ్లిన స్నేహితుడు. ప్రేమతోనే చెబుతారు. ఆ ప్రేమను నేను శంకించను. కానీ ఆ సలహా తప్పు. దాన్ని నమ్మి ఏళ్ల తరబడి లోలోపల నలిగిపోతున్నవాళ్లను చూస్తున్నాను కాబట్టి గట్టిగానే చెప్పాలి: అది తప్పే కాదు, ప్రమాదం కూడా.

మాత్ర వద్దని ఆపినప్పుడు ఆ మనిషిని మందుల బారిన పడకుండా కాపాడామని అనుకుంటారు. అతను అప్పటికే మందుల మీద ఉన్నాడన్న సంగతి వాళ్ల లెక్కలోకి రాదు. ఎవరూ రాసివ్వని మందులు, ఎంత వాడుతున్నాడో ఎవరూ చూడని మందులు.

నాకు వరసకు బావ అయ్యే ఒక రొయ్యల రైతు ఉన్నాడు. యాభై దాటాయి. ఒకరోజు మాటల మధ్య చొక్కా జేబులోంచి తీసి మంచం మీద పెట్టినవి చూశాను. గ్యాసు మాత్రల అట్ట, సగానికి పైగా ఖాళీ. బ్లేడుతో రెండు ముక్కలుగా కోసి కాగితంలో మడిచిపెట్టిన చిన్న మాత్రలు నాలుగైదు. అవి అల్ప్రాజోలం. "నిద్రకి" అన్నాడు. డాక్టరు చీటీ లేదు; మందుల దుకాణం కుర్రాడే అడిగినప్పుడల్లా ఇస్తున్నాడు. గోడకు తగిలించిన ప్లాస్టిక్ సంచిలో ఈసీజీలు, ఎకో రిపోర్టు, ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎండోస్కోపీ. గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఇక పోతున్నానని అనిపించిన ప్రతిసారీ కారు మాట్లాడుకుని నెల్లూరు పొగతోట ఆసుపత్రులకు పరుగెత్తిన గుర్తులవి. అన్నిటి కిందా ఒకటే మాట: నార్మల్. రాత్రిపూట క్వార్టరు సీసా సంగతి చెప్పనక్కర్లేదు, అది ఇంట్లో అందరికీ తెలిసిందే. ఇన్ని వాడుతున్న మనిషికి సొంత తమ్ముడు నా ఎదుటే చెప్పిన హితవు: "డాక్టరు దగ్గరికి పోయి మాత్రలు మాత్రం అలవాటు చేసుకోబాకన్నా."

అల్ప్రాజోలం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే "అలవాటైపోతుంది" అనే భయం చాలామటుకు పుట్టింది ఇలాంటి మాత్రల దగ్గరే. మింగిన గంటలోపే దడ తగ్గుతుంది, కన్ను మూతపడుతుంది. చిక్కంతా ఆ హాయితోనే. వారాలు గడిచేకొద్దీ అదే మోతాదు చాలదు. సగం మాత్ర ఒకటవుతుంది, ఒకటి రెండవుతాయి. ఉన్నట్టుండి మానితే వణుకు, నిద్రపట్టకపోవడం, కొందరికి మూర్ఛ కూడా వస్తుంది. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. అందుకే ప్రభుత్వం 2013లో దీన్ని షెడ్యూల్ హెచ్1లో చేర్చింది. చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లపాటు ఉంచాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడేదీ ఇదే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడిన కొద్దిరోజులకే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఒళ్లు వణుకుతూ, మతి స్థిమితం తప్పిన మనుషులు వరసకట్టారు.

డిప్రెషన్‌కూ ఆందోళనకూ డాక్టర్లు ముందుగా రాసే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూక్సెటిన్ ఆ జాతివి కావు. వేసుకున్న పూట ఏ హాయీ తెలియదు. రెండు వారాలు, కొందరికి నాలుగు వారాలు గడిస్తేగాని మేలు కనబడదు. ఇంకొకటి వేసుకుందామనే యావ పుట్టదు. జేబులో ఉన్న మాత్రకు భయపడాల్సిన మన తీరం, డాక్టరు రాయబోయే మాత్రను తలుచుకుని హడలిపోతోంది. ఇక మద్యం. అది నిద్రపుచ్చుతుంది, నిజమే. తెల్లవారుజామున ఆ మత్తు దిగేసరికి నిద్రను చీల్చేస్తుంది కూడా. దిగులు పోవడానికని తాగినవాడి దిగులు నెల తిరిగేసరికి ఇంకాస్త ముదురుతుంది.

ఇంతదాకా వచ్చినవాళ్లు మరో మాట అంటారు. అది వీటన్నిటికంటే బలమైంది. "ఆ మనిషి దిగులుకు కారణం కళ్లెదుటే ఉంది కదా! ధర పడిపోయింది, మేత డీలరు బాకీ పేరుకుపోయింది, ఇంట్లో బంగారం బ్యాంకులో ఉంది. అతనికి కావలసింది ధర, మాత్ర కాదు. కష్టానికి జబ్బని పేరు పెట్టి రైతుకు మాత్ర ఇస్తే అసలు దోషులు తప్పించుకుంటారు." చదువుకున్న మిత్రులు, రైతు సంఘాల్లో పనిచేసేవాళ్లు కూడా ఇలాగే వాదిస్తారు.

ఈ మాటలో నిజం ఉంది. 1994 చివర్లో తెల్లమచ్చ వైరస్ కండలేరు వెంబడి గుంటలను ఊడ్చేసింది. ఆ ఏటి మాట ఎత్తితే ఇప్పటికీ గొంతు మారే పెద్దలున్నారు. 1996 డిసెంబరులో రొయ్యల సాగు మీద జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అసలు గుంటలు ఉంటాయో ఉండవో తెలియని రోజులు. 2009 తర్వాత వనామి రకం రొయ్య వచ్చి మళ్లీ ఆశ పుట్టించింది, దాని వెనకే కొత్త తెగుళ్లూ వచ్చాయి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అప్పటికి మన రొయ్యకు అన్నిటికంటే పెద్ద గిరాకీ ఆ దేశానిదే. ఎక్కడో తీసుకున్న నిర్ణయానికి ఇక్కడ గట్టు మీద కౌంటుకింతని చెప్పే రేటు తలకిందులవుతుంది. ఇంత అస్థిరతలో ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చినవాడికి దిగులు కలగడం జబ్బు కాదు. దిగులు పడ్డ ప్రతివాడికీ మాత్ర రాయమని నేను అనడం లేదు.

కానీ గుంట మీద రాత్రి గడిపినవాళ్లకు ఈ వాదన ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. వెలుతురున్నంతసేపు నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అది కూడా పీల్చుకోవడమే. రాత్రి గడిచేకొద్దీ ఆక్సిజన్ తరిగిపోయి తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు, అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. జనరేటర్ అందుకోవడం ఆలస్యమైతే పంట పోతుంది. అందుకే రొయ్యల రైతు నిద్రలో కూడా ఏరియేటర్ చప్పుడు వింటూనే ఉంటాడు. చప్పుడు ఆగితే మెలకువ వచ్చేస్తుంది. అది భయం కాదు, పని నేర్పిన జాగ్రత్త.

ఇప్పుడు పంట పట్టేశారు. గుంట ఎండబెట్టారు, అడుగు నెర్రెలిచ్చింది. ఏరియేటర్లు గట్టు మీద బోర్లించి ఉన్నాయి. కాపాడుకోవలసిన రొయ్య ఒక్కటి కూడా లేదు. అయినా సరిగ్గా మూడింటికి అతను లేచి కూర్చుంటాడు. గుండె కొట్టుకుంటుంది, అరచేతులు చల్లబడతాయి, తెల్లారేదాకా అవే లెక్కలు. ఒక రోజు కాదు, నెలల తరబడి. అన్నం సయించదు. మనవరాలు ఒళ్లోకి వస్తే విసుక్కుంటాడు. ఫోను మోగితే బోర్లా పెడతాడు. వాకిట్లో మనిషి పిలిస్తే లేడని చెప్పిస్తాడు. రేపు ధర పెరిగినా ఆ మనిషి సంతోషపడే స్థితిలో లేడు. దీన్ని ఇంకా ధర అనే పిలుస్తామా? కారణం బయటే ఉండొచ్చు. జబ్బు మాత్రం ఒంట్లోకి దిగింది.

ఒకే కాలవ నీళ్లు తోడుకుని, ఒకే డీలరు దగ్గర మేత అరువు తెచ్చి, ఒకే రేటుకు అమ్ముకున్న ఇద్దరు రైతులుంటే, ఒకడు తిట్టుకుంటూనే మళ్లీ సీడు కోసం హేచరీల చుట్టూ తిరుగుతాడు; ఇంకొకడు మంచం దిగడు. అప్పే మొత్తం కారణమైతే ఇద్దరూ ఒకేలా ఉండాలి కదా. ధర కోసం పోరాడాలనే మిత్రులకు ఇంకో మాట. కలెక్టరేటు ముందు ధర్నాకు వచ్చేది ఆ మొదటివాడే. రెండోవాడు రాడు, రాలేడు. డీలరుతో కూర్చుని వడ్డీ తగ్గించమని అడగలేడు, పట్టుబడి ఈ వారమా పై వారమా అని తేల్చుకోలేడు, గుంట లీజుకివ్వాలా వద్దా అనే కాగితం నెలల తరబడి సంతకం లేకుండా పడి ఉంటుంది. మాత్ర బాకీ తీర్చదు. నిద్ర పట్టించి, తల కాస్త తేటపరిస్తే, బాకీ గురించి మాట్లాడే శక్తిని తిరిగి ఇవ్వగలదు. న్యాయమైన ధర అడగడానికీ, ఒంట్లో జబ్బుకు వైద్యం చేయించుకోవడానికీ మధ్య ఏదో ఒకటే ఎంచుకోమనే హక్కు ఎవరికీ లేదు.

"జీవితాంతం మింగాలి" అనే మాటకు వద్దాం. మొదటిసారి డిప్రెషన్ వచ్చి, మాత్రతో కోలుకున్న మనిషికి సాధారణంగా చెప్పేది, బాగయ్యాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, ఆపైన మెల్లగా తగ్గిస్తూ మానేయమని. పదేపదే తిరగబెట్టినవాళ్లకు ఎక్కువ కాలం వాడమంటారు. ఇందులో దాచాల్సిందేమీ లేదు. బ్రిటన్‌లో ఏళ్లుగా ఈ మాత్రలు వాడుతూ బాగానే ఉండి, మానాలనుకుంటున్నవాళ్ల మీద జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మాన్పించిన జట్టులో ఏడాదిలోపు 56 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. కొనసాగించిన జట్టులో 39 శాతం మందికి. అంటే మానితే ముప్పు పెరిగే మాట నిజం. మానినవాళ్లలో నూటికి 44 మంది ఏడాది పాటు బాగానే ఉన్న మాట కూడా అంతే నిజం. మానేటప్పుడు తల తిరగడం, చిరాకు, కలత నిద్ర లాంటి బాధలు కొందరికి వస్తాయి. 2024లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం మాత్ర మానడం వల్లనే అని చెప్పదగ్గ బాధలు ఆరేడుగురిలో ఒకరికి కలుగుతాయి. అందుకే డాక్టరుకు చెప్పకుండా ఒక్క రోజులో ఆపకూడదు. ఇది జాగ్రత్త చెప్పే సమాచారం. జీవిత ఖైదు కాదు.

మాత్రల పక్షాన మాట్లాడేవాళ్లు కూడా ఈ అపనమ్మకానికి కొంత కారణమయ్యారు. "మెదడులో సెరటోనిన్ తగ్గింది, మాత్రతో నింపుతాం, షుగరు మాత్ర లాంటిదే" అని తేలిగ్గా చెప్పేశారు. షుగరు మాత్ర అనగానే మన జనానికి అర్థమయ్యేది ఒకటే, ఇక చచ్చేదాకా అని. పైగా సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్ అనడానికి నిలకడైన ఆధారాలు లేవని 2022లో జోవన్నా మాంక్రీఫ్ బృందం లండన్ నుంచి ప్రకటించింది. దాంతో "చూశావా, అంతా మోసం" అన్నవాళ్లు ఎక్కువయ్యారు. ఒక మందు ఎలా పనిచేస్తుందన్నది వేరు, పనిచేస్తుందా అన్నది వేరు. డిప్రెషన్ మందుల్లో తొలితరానికి చెందిన ఇమిప్రమిన్ గుణాన్ని 1950ల్లో స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ అనే వైద్యుడు కనిపెట్టింది ఏ సిద్ధాంతం పట్టుకునీ కాదు. రోగులు మెరుగవుతుండగా కళ్లతో చూసి. 2018లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రియా సిప్రియాని బృందం 522 పరీక్షలు, 1,16,477 మంది రోగుల వివరాలు కలిపి చూసింది. 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. తేడా ఆకాశమంత కాదు, ఒక మోస్తరుది. అమెరికాలో నాలుగు వేల మందితో జరిపిన మరో అధ్యయనంలో మొదటి మాత్రతో పూర్తిగా కోలుకున్నవాళ్లు దాదాపు మూడో వంతు. మిగతావాళ్లకు మోతాదు మార్చడం, మందు మార్చడం, మాట్లాడే వైద్యం జోడించడం అవసరమయ్యాయి. రోగికి చెప్పాల్సింది ఇదీ. మహత్తు ఉందని చెబితే పదో రోజున వదిలేస్తాడు.

పదో రోజున వదిలేయడానికి ఇంకో కారణం ఉంది. మగవాళ్లు ఎవరితోనూ అనరు, చాలామంది డాక్టర్లు చెప్పరు. మొదటి వారంలో కడుపులో తిప్పడం, కాస్త గాభరా పెరిగినట్టుండటం మామూలు; చాలామందికి అది సర్దుకుంటుంది. ఈ మాత్రల వల్ల దాంపత్య జీవితంలో కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం కూడా తరచుగా కనిపించే ఇబ్బందే. ఇది ఎవరికో ఒకరికి వచ్చే విడ్డూరం కాదు. డాక్టరు ముందే చెప్పి ఉంటే, వచ్చినప్పుడు మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో చేస్తారు. ఈ ఇబ్బంది తక్కువగా ఉండే మందులూ ఉన్నాయి. చెప్పకపోతే ఆ మనిషి తన మగతనమే పోయిందనుకుంటాడు, అట్ట బయట పారేస్తాడు, ఎందుకు పారేశాడో భార్యకు కూడా చెప్పడు. ఊళ్లో మాత్రం "ఆ మాత్రలు మంచివి కావు" అని ఒక్క మాట వదులుతాడు. ఆ మాట ఇంకో పది మందిని ఆపుతుంది. పైన చెప్పిన మా బావ కూడా చివరికి ఈ మాత్రలు మొదలుపెట్టి, మొదటిసారి ఎనిమిదో రోజున కడుపు తిప్పుడు భరించలేక ఆపేశాడు. నెల తర్వాత ఇంకో డాక్టరు తక్కువ మోతాదుతో, అన్నం తిన్నాక వేసుకోమని మొదలుపెట్టించాడు. అల్ప్రాజోలం కూడా వారం వారం కాస్త కాస్తగా ఆయనే తగ్గించాడు. నిద్ర నెల్లాళ్లకు దారిలో పడింది. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదని నాకు తెలుసు. రుజువుల సంగతి పైన చెప్పాను.

నడివయసువాళ్లు డాక్టరుకు తప్పనిసరిగా చెప్పాల్సినవి, అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గుండెకు ఎకోస్ప్రిన్ వాడుతున్నవాళ్లు ఆ సంగతి చెప్పాలి, అది ఈ డిప్రెషన్ మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నొప్పి మాత్రలు తరచూ వేసుకునేవాళ్లు కూడా అంతే. థైరాయిడ్, రక్తహీనత, షుగరు చూపించుకోవాలి. వాటి వల్లా నీరసం, దిగులు వస్తాయి. ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర అక్కర్లేనంత హుషారు, అడ్డూ అదుపూ లేని ఖర్చు ఉండేదంటే అది దాచకూడదు; అలాంటివారికి ఈ మాత్ర ఒక్కటే ఇస్తే చెడు చేస్తుంది. తాగుడు ఎంతో నిజం చెప్పాలి.

"మగోడివి" అనే మాటకు జవాబు లెక్కల్లోనే ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో దాదాపు 72 శాతం మగవాళ్లు. నిబ్బరంగా ఉండమని పుట్టినప్పటి నుంచీ విన్నవాళ్లే వీళ్లంతా. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి ఏ వైద్యమూ అందడం లేదని తేల్చింది. మగవాడిలో డిప్రెషన్ ఎప్పుడూ ఏడుపు రూపంలోనే రాదు, చాలాసార్లు కోపంగా వస్తుంది. అన్నం పళ్లెం విసిరేయడం, కొడుకుతో మాటలు మానేయడం, బండి ఇష్టం వచ్చినట్టు నడపడం, తాగుడు. అందుకే ఊరు దాన్ని జబ్బుగా పోల్చుకోదు, గుణంగా పోల్చుకుంటుంది. ముందుగా పోల్చుకునేది భార్య. ఈ జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా మీద తిరగబడ్డారు. రోసమ్మ ముందు నడిచిన ఆ పోరాటం 1993లో సారా నిషేధానికీ, 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధానికీ దారితీసింది. మగవాళ్ల తాగుడు మొత్తం ఇంటిని ఎలా తింటుందో ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 1997లో నిషేధం ఎత్తేశారు. తాగుడు వెనక ఉన్న దిగులుకు వైద్యం చేయాలన్న ఆలోచన ఆనాడూ రాలేదు, ఈనాటికీ రాలేదు.

"ఆ కెమికల్సు ఎందుకు" అనేవాళ్లకు 2021 మే నెల గుర్తుచేయాలి. కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందు కోసం అంబులెన్సుల్లో కూడా జనం వచ్చారు, మైళ్ల పొడుగున వరసలో నిలబడ్డారు. చివరికి కళ్లలో వేసే చుక్కలు తప్ప మిగతా మందులకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ జనాన్ని నేను తక్కువ చేయను. ఊపిరాడక అల్లాడుతున్న మనిషికి ఏదో ఒకటి చేయాలన్న తపన అది. తెలియని మందు కోసం అంత నమ్మకంగా నిలబడగలిగినవాళ్లం, వేల మంది మీద పరీక్షించి, మంచీ చెడూ అచ్చువేసి ఉన్న మాత్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం కాళ్లు వెనక్కి లాగుతాం. భక్తితో కూడా నాకు పేచీ లేదు. గొలగమూడి ఆశ్రమంలో శనివారం నిద్ర చేసినవాళ్లకు కలిగే ఊరట నిజమైనదే. రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి ఆరోగ్య రొట్టె అందుకునేటప్పుడు ఎవరికీ సిగ్గు అనిపించదు. నాకు బాగాలేదని లోకం ముందు ఒప్పుకునే చోటు అది. డాక్టరు గది ముందు కూడా అలాగే నిలబడమంటున్నాను, అంతే. రొట్టె వదిలేయమనడం లేదు.

సిగ్గు వెనక ఇంకో భయం ఉంది. అది వట్టి భ్రమ కాదు. కూతురికి సంబంధాలు చూస్తున్న తండ్రి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాడని తెలిస్తే ఆ సంబంధం ఏమవుతుందో? అందుకే పిల్ల పెళ్లి అయ్యేదాకా వాయిదా. పెళ్లయ్యాక కాన్పు, ఆ తర్వాత కొడుకు సంబంధం. వైద్యం మొదలుపెట్టినవాళ్లు కూడా ఊళ్లో కొనరు. నెల్లూరు ట్రంకు రోడ్డుకు వెళ్లి కొని, అట్ట మీద పేరు చింపి దాచుకుంటారు. వాళ్లకు తెలియాల్సినది, 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచడాన్ని హక్కు చేసింది. ఒంటి జబ్బుకు బీమా ఇచ్చినట్టే మనసు జబ్బుకూ ఇవ్వాలంది. ఊరి నోళ్లు చట్టంతో మూతపడవు, ఒప్పుకుంటాను. కానీ ముప్పై ఏళ్ల కిందట పిచ్చి అంటే మద్రాసు కీల్పాక్ ఆసుపత్రి తప్ప మాట లేని జిల్లా ఇది. ఇప్పుడు నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఫోను సేవ టెలి మానస్‌తో 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకడం అనవసరమన్న ఆలోచన వస్తున్నవాళ్లు రేపటిదాకా ఆగకుండా ఇవాళే ఆ నంబరుకు చేయాలి.

మాత్ర ఒక్కటే దారి కాదు. జబ్బు తేలికగా ఉన్నప్పుడు ముందు మాట్లాడే వైద్యమే మేలని చాలా దేశాల వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. అది మనకు అందదనుకోనక్కర్లేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 495 మంది డిప్రెషన్ రోగులలో ఒక సగం మందితో, డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిదిసార్లు మాట్లాడించారు. 2017లో ఫలితాలు వచ్చాయి: మూడు నెలల్లో ఆ జట్టులో సుమారు 64 శాతం మంది కోలుకున్నారు, మిగతా జట్టులో 39 శాతం. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి డిప్రెషన్‌ను గుర్తించడం నేర్పారు జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. దారి తెలియక ఆగింది కాదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లో మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా దేశంలో లక్ష మందికి ఒక మానసిక వైద్యుడు లేడు.

బీపీ, షుగరు చూడటానికి ముప్పై దాటినవాళ్ల ఇళ్లకు ఏఎన్‌ఎంలు, ఆశాలు ఎలాగూ వస్తున్నారు. అదే రిజిస్టరులో రెండు ప్రశ్నలు చేర్చాలి: గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగులుగా, ఇక లాభం లేదన్నట్టుగా ఉందా. ప్రపంచమంతా వాడుతున్న ప్రశ్నలే ఇవి. అవునన్నవాళ్లను పీహెచ్‌సీ డాక్టరు చూడాలి. ఫ్లూక్సెటిన్ అక్కడే, ఉచితంగా, ఎప్పుడూ నిల్వ ఉండాలి. చీటీ మీద రెండు వారాల తర్వాత మళ్లీ రావలసిన తేదీ రాయాలి. "తగ్గకపోతే రా" అనడం కుదరదు. చీటీ లేకుండా అల్ప్రాజోలం అమ్మే దుకాణాల రిజిస్టర్లు డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు తెరిచి చూడాలి. ఇంకొకటి, ఆ రెండు ప్రశ్నలు అడగడానికి పగలు పదకొండింటికి వస్తే ఈ తీరంలో మగవాళ్లు ఇంట్లో దొరకరు. గుంటల మీద ఉంటారు. అక్కడికే వెళ్లి అడగాలి.